పటంలో చెలిమెలపెంట

జనవరి 5, ఆదివారం

ఫ్లెక్సీ షాపు వాడిని ఈరోజు కొట్టినంత పని చేశాను. యాభై ఆరు ఎల్ బై పదకొండు నంబరు సర్వే పటాన్ని పూర్తి సైజులో ప్రింటు తీయమంటే, అంచుల్లో ఖాళీ ఎక్కువుందని నాలుగు పక్కలా కత్తిరించి పారేశాడు. స్కేలు ఉండేది ఆ అంచులోనే. సర్వే చేసిన సంవత్సరం ఉండేదీ అక్కడే. "గా సన్న అక్షరాలు ఎవలు సూస్తరు సార్, మధ్యల బొమ్మ మంచిగొచ్చింది గద" అంటాడు. వాడి దుకాణంలో పుట్టినరోజు బ్యానర్‌కు ఉన్న మర్యాద నిజాం కాలపు పటానికి లేదు. పక్కనే నిలబడి మళ్ళీ తీయించాను.

ఇంటికొచ్చి హాల్లో పరిచాను. నా భార్య యమున చీర కుచ్చిళ్ళు పట్టుకుని దాని మీద నుంచి దాటిపోతూ "ఇంకొకటా?" అంది. నీకు చీరలెట్లనో నాకు పటాలట్ల అన్నాను. "చీరలైతే కట్టుకుంటం" అంది.

అననీ. అంగుళానికి మైలు చొప్పున గీసిన పటం ఇది. మా అచ్చంపేటలో ఇప్పుడు బస్టాండున్న చోట కుంట ఉంది. శ్రీశైలం వైపు వెళ్ళేది బండ్ల బాట. ఇక దక్షిణాన, ఆకుపచ్చ మధ్యలో, వాగు మలుపు దగ్గర చీమ తలంత అక్షరాల్లో చెలిమెలపెంట! నాకు అడవి దారులు చూపించే మా ఈదన్న ఊరు. తొంభై ఏళ్ళ కింద ఎవడో సర్వేయరు ఆ అడవిలో నడిచి వెళ్ళి, ఆ పేరు అడిగి రాసుకున్నాడు. చాలాసేపు దాని మీదే భూతద్దం పెట్టుకుని కూర్చున్నాను.

జనవరి 6

స్టాఫ్ రూములో చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. "సోషల్ సారుకు ఇన్నేండ్లకు పెంట దొరికిందంట" అని హెడ్మాస్టరు పొట్ట పట్టుకుని నవ్వాడు, ఆయన నవ్వాడు కాబట్టి అందరూ నవ్వారు. పెంట అంటే చెంచుల పల్లె అని తెలియనివాడు నల్లమల అంచున బడి నడుపుతున్నాడు.

ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఈ పటాలు ఎవరికైనా పనికిరావాలి. అప్పుడు చూస్తాను వీళ్ళ నవ్వు.

జనవరి 12, ఆదివారం

ఈదన్న అచ్చంపేట అంగడికి వచ్చాడు. ఇంటికి తీసుకొచ్చి పటం చూపించాను. ఆశ్రమ పాఠశాలలో తొమ్మిది దాకా చదివాడు, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని "మా పేరే సార్!" అన్నాడు. ఎంత సంబరపడ్డాడో. నాతో పదేళ్ళుగా కొండలు తిరుగుతున్నాడు గానీ నా పటాలు చూసి అంత సంబరపడటం ఇదే మొదలు.

అడవి హక్కుల ఫైలు సంగతి అడిగాను. "పెద్దాఫీసుల ఉన్నది. రేషన్ కార్డులు, ఓటు కార్డులు, అన్ని పెట్టినం. ఒక్క సంతకం ఆగింది" అన్నాడు. ఆ పట్టా వస్తే పెంట పెంటలాగే ఉంటుంది. రాకపోతే దింపి, రోడ్డు పక్కన కాలనీలో పెడతారు. దిగండి దిగండి అని ఇరవై ఏళ్ళ నుంచి వెంటపడుతూనే ఉన్నారట. వాళ్ళమ్మ కాశమ్మ మాత్రం దిగేది లేదని కూర్చుంది.

కార్డులెవడు లెక్కచేస్తాడు, ఈ పటం పెడదాం, తొంభై ఏళ్ళ సాక్ష్యం, నోరెత్తలేరు అన్నాను. ఈదన్న పటం వంక మళ్ళీ చూశాడు. ఈసారి అంత సంబరం లేదు.

"అమ్మనడుగుత సార్."

అడగడానికేముంది ఇందులో? నాకు ఒళ్ళు మండింది.

జనవరి 19, ఆదివారం

పెంటకు వెళ్ళాను. కాశమ్మ గుడిసె ముందు కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. పటం విప్పితే చేతులు తుడుచుకుంది గానీ ముట్టుకోలేదు.

"కార్డులున్నయి గద బిడ్డా. మల్ల ఇదెందుకు?"

చెప్పాను. చరిత్ర అన్నాను, సాక్ష్యం అన్నాను, పదో తరగతికి చెప్పినట్టు చెప్పాను.

"అది పాత ముచ్చట. ఇడిసిపెట్టు" అంది.

ఎప్పుడూ ఇంతే. తమకు ఏమీ లేదనుకుంటారు, ఉన్నదని చూపించినా నమ్మరు. ఇట్లా ఉంటే ఎవడైనా నెత్తినెక్కి కూర్చుంటాడు. ఈదన్న నేల చూస్తూ "మీ ఇష్టం సార్" అన్నాడు.

మీ ఇష్టం అన్నాడు. నేనేమీ బలవంతం చేయలేదు.

జనవరి 23

పటం, పెద్దది చేసిన ముక్క ఒకటి, నేను రాసిన మూడు పేజీల నోటు, అన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి పెద్దాఫీసులో ఇచ్చాను. చెలిమెలపెంట పేరు చుట్టూ ఎర్ర స్కెచ్ పెన్నుతో సున్నా చుట్టాను, గుడ్డివాడికి కూడా కనపడేట్టు.

మా పాత పటాల వాట్సాప్ గ్రూపులో ఈ సంగతి పెట్టాను. ఖిల్లా ఘణపూర్ బాలస్వామి "గర్వకారణం సార్" అని రాశాడు. అలంపూర్ నుంచి భానుప్రకాశ్ ఐదు దండాలు పెట్టాడు. మిగతావాళ్ళు మామూలే, గులాబీ పువ్వు, శుభోదయం.

యమునకు చూపించాను. చదివి "మంచిదే" అంది. ఆమె నోట మంచిదే అంటే మాటలా.

ఫిబ్రవరి 6

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పిలిపిస్తే నేనూ ఈదన్నా వెళ్ళాం. సంతకం పెట్టే సారు మిరపకాయ బజ్జీ తింటూ మమ్మల్ని నిలబెట్టాడు. నూనె చేతితోనే కంప్యూటర్ తిప్పి చూపించాడు. తెర మీద ఇప్పటి ఉపగ్రహం బొమ్మ, దాని మీద నా పటం.

"మీ పటంల పెంట వాగుకు అవతల ఉన్నది. వీళ్ళుండేది ఇవతల. నడుమ గుట్ట. ఎంత లేదన్నా రెండు మైళ్ళ దూరం. అంటే ఇది ఆ చెలిమెలపెంట కాదు. వీళ్ళు తర్వాతెప్పుడో వచ్చిండ్రు" అన్నాడు.

కార్డులున్నాయి కదా, అన్నిటి మీదా అదే పేరు కదా అన్నాను.

"ఏ చెలిమెలపెంట అనేది ఇప్పుడు ప్రశ్న. మీ పటం రాకముందు ఫైలు సక్కగనే ఉండె సార్. కార్డు మీద చెలిమెలపెంట, ఊరు చెలిమెలపెంట. అయిపోతుండె. ఇగ నేనెట్ల సంతకం పెడ్త? రేపు ఎవడన్న ఇదే పటం తీసి నా మొఖాన కొడితే?"

నేను అరిచాను. ఆయన బజ్జీ నమలడం ఆపలేదు. పైగా నా ఎర్ర సున్నా మీద వేలు పెట్టి, ఇంత బాగా చూపించినందుకు థాంక్స్ అన్నాడు.

బస్సులో ఈదన్న కిటికీ వైపు కూర్చున్నాడు. మన్ననూరు దాటేదాకా ఆగాను. తర్వాత ఆగలేకపోయాను.

"పెంట జరిగిందని ముందుగాల్నే ఎందుకు చెప్పలే?"

"మీరడగలె సార్. పెంట జరుగుతది గద."

మనిషి నడుస్తాడు కదా అన్నట్టు చెప్పాడు. తండాలు, పల్లెలు, కోటలు, అన్నీ ఉన్నచోటే ఉంటాయి, పటం అంటే అదే కదా. ఇన్నేళ్ళు పటాలు చూసిన నాకు, ఊరు లేచి నడుస్తుందని ఎందుకు తట్టాలి?

ఫిబ్రవరి 7

వాడు నాకు చెప్పాల్సింది. అంతే.

ఫిబ్రవరి 9, ఆదివారం

పెంటకు వెళ్ళాను. ఎవరైనా నన్ను తిడతారనుకున్నాను. తిట్టలేదు. కాశమ్మ మంచం వాల్చింది, నీళ్ళిచ్చింది. అదే నాకు ఇంకా కోపం తెప్పించింది.

ఎప్పుడు జరిగారో, ఎందుకు జరిగారో చెప్పమన్నాను. ఆమె పక్కకు తిరిగి చెప్పింది. ఈదన్న పాలు తాగే పిల్లవాడిగా ఉన్నప్పుడు జ్వరాలు వచ్చాయి. వరసగా పోయారు, పిల్లలే ఎక్కువ, అందరినీ ఆ పెంట పక్కనే పూడ్చారు. ఒక్క ఇంట్లో చావైతే ఆ గుడిసె విప్పుతారు. వరసగా అయితే పెంట మొత్తం లేపుతారు.

"పేరు మాతోటి వస్తది. జాగ పోయినోళ్ళకు ఇడుస్తం. మల్ల వాగు దాటి పోం. అటు సూడం, ఎవలకు సూపియ్యం. సూపితే ఆళ్ళు మా ఎంబడి వస్తరు. ఆళ్ళొచ్చిన తావుల మేం ఉండం."

నాకు చటుక్కున దారి కనపడింది. సమాధులు! ఆ సమాధులు వీళ్ళవే అని తేలిస్తే, పాత పెంటా కొత్త పెంటా ఒకటే జనమని తేలినట్టే. ఆ బజ్జీ సారు నోరు మూతపడినట్టే. ఇంకో వినతి పెట్టుకోవడానికి మార్చి మొదటి వారం దాకా గడువుంది.

"వద్దు" అంది కాశమ్మ.

నేను మళ్ళీ చెప్పాను.

"ఆ తావు ఎవలకు సూపొద్దు బిడ్డా. నీకు దండం పెడ్త."

ఆమె నిజంగానే చేతులు జోడించింది. నేను మంచం మీద నుంచి లేచి, మీ మంచికే చెప్తున్నా, మీ మూఢనమ్మకాలతో మీరే మునుగుతారు, రేపు రోడ్డు మీద పడ్డాక నన్ననకండి అని గట్టిగా అన్నాను. పక్క గుడిసెలోని ఆడవాళ్ళు బయటికొచ్చి చూశారు. పరుషంగానే అన్నాను. ఎవరో ఒకరు అనాలి కదా.

ఫిబ్రవరి 16

ఎవరి మీద కోపమో రాద్దామని కూర్చున్నాను. బజ్జీ సారు. హెడ్మాస్టరు. ఈదన్న. కాశమ్మ. గుట్ట ఇవతల ఏముందో చూడకుండా పోయిన ఆ సర్వేయరు. గ్రూపులో "సార్, పట్టా వచ్చిందా?" అని రోజూ అడిగే బాలస్వామి.

ఫిబ్రవరి 26, శివరాత్రి

వెళ్ళాను.

ఈదన్నను తోడు తీసుకుని పాత పెంట చోటికి. దారంతా శ్రీశైలం నడిచిపోయే జనం. ఆ జనంలో మమ్మల్ని ఫారెస్టు వాళ్ళెవరూ ఆపలేదు. బాట వదిలి వాగు పట్టుకున్నాం. వాగు ఎండిపోయింది, ఇసుకలో తవ్వుకున్న చెలిమెల్లో మాత్రం నీళ్ళున్నాయి. వాగు ఒడ్డున ఈదన్న చెప్పులు విడిచి కూర్చున్నాడు.

"నేను ఈడ్నే ఉంట సార్."

పోవద్దని మాత్రం అనలేదు. ఇది రాసిపెట్టుకుంటున్నాను. ఒక్క మాట అన్నా ఆగేవాడిని. అనలేదు.

పటం చూసుకుంటూ వెళ్ళాను. సర్వేయరు తప్పు చేయలేదు. వాగు మలుపు, రెండు గుట్టల మధ్య సందు, పక్కన చదును నేల, అన్నీ పటంలో ఉన్నట్టే ఉన్నాయి. ఇంకో రోజైతే ఎగిరి గంతేసేవాడిని. గుడిసెల ఆనవాలు ఏమీ లేదు. తునికి చెట్ల కింద రాళ్ళున్నాయి. తలవైపు ఒకటి, కాళ్ళవైపు ఒకటి. కొన్నిటి మధ్య దూరం నా మూర కన్నా ఎక్కువ లేదు.

ఫోన్లో ఫోటోలు తీశాను, దగ్గర నుంచి, దూరం నుంచి. స్థలం వివరాలు ఫోటో మీదే పడే యాప్ పెట్టుకున్నాను. రెండు మూడు సరిగా రాక మళ్ళీ తీయాల్సి వచ్చింది. ఎండ బాగా ఉంది.

తిరిగి వచ్చేసరికి ఈదన్న అటువైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. దొరికాయా అని అడగలేదు. ఎప్పుడూ నా పక్కన నడిచేవాడు, ఈరోజు ముందు నడిచాడు.

మార్చి 3

ఇచ్చేశాను. కలర్ ప్రింట్లు. కింద ఒక్కో దానికి వివరం రాశాను. పిల్లల సమాధులు అని కూడా రాశాను. పాత పెంట ఇదేనని, ఈ జనం వాళ్ళేనని ఇంతకన్నా ఎవరు రుజువు చేస్తారు?

మార్చి 10

యమున అడిగింది. "కాశమ్మకు చెప్పినవా?"

ప్రీఫైనల్ పేపర్లు దిద్దే పని ఉందన్నాను.

మార్చి 24

పదో తరగతి పరీక్ష డ్యూటీ. ఫ్యాను తిరగదు. స్క్వాడ్ వచ్చి నా జేబులు కూడా వెతికారు, నేను కాపీ కొడతానన్నట్టు. ఒక పిల్లకు అదనపు కాగితం ఇవ్వలేదని తోటి ఇన్విజిలేటర్‌తో గొడవ పెట్టుకున్నాను. నిజానికి వాడు తెస్తూనే ఉన్నాడు.

ఈదన్న ఫోన్ ఎత్తడం లేదు. అడవిలో సిగ్నల్ ఉండదు.

ఏప్రిల్ 9

ఆర్డర్ వచ్చింది. నా చేతికిచ్చింది బజ్జీ సారే.

పటంలో చూపిన, ఫోటోలతో రుజువైన పాత చెలిమెలపెంట స్థలానికి హక్కు మంజూరు. ప్రస్తుతం గుడిసెలున్న స్థలానికి ఎలాంటి ఆధారం లేనందున తిరస్కరణ.

రెండుసార్లు చదివాను. తర్వాత ఏమన్నానో నాకే సరిగా గుర్తులేదు. వాళ్ళు అక్కడ కాలు కూడా పెట్టరు, అక్కడ ఉండేది చచ్చినవాళ్ళు అని అరిచినట్టు గుర్తు.

"సమాధులున్నయని మీరే రాసిచ్చిండ్రు గద సార్. ఫోటోలు గూడ మీవే. మీరడిగిందే ఇచ్చినం. ఇగ పరేషాన్ ఎందుకు?"

కుర్చీని తన్నాను. అటెండర్ రెక్క పట్టుకుని బయటికి తెచ్చాడు. మెట్ల మీద నా చెప్పు జారిపోతే వెనక్కి వెళ్ళి తెచ్చుకోవాల్సి వచ్చింది.

ఏప్రిల్ 10

నేనే ముందు చెప్పాలని పొద్దున్నే బయలుదేరాను. అప్పటికే ఎవరో ఒక కాపీ ఇచ్చి పోయారు. ఫోటోలతో సహా.

పెంట మొత్తం కాశమ్మ గుడిసె ముందే ఉంది. నన్ను చూసి ఒకామె లేచి "ఎందుకొచ్చినవ్ సారూ? ఇంక ఎవల్ని తీస్కపోతవ్?" అంది. ఇన్ని రోజులూ ఎవరైనా తిట్టాలని చూశానా, ఆ ఒక్క మాటకే రెండడుగులు వెనక్కి వేశాను. ఈదన్న నా వైపు చూడలేదు.

కాశమ్మ చేతిలో ఆ కాగితాలున్నాయి. ఫోటోలున్న పేజీ పైన ఉంది. నలభై ఏళ్ళుగా ఆమె అటువైపు తల తిప్పలేదు. ఇప్పుడు రంగుల్లో చూస్తోంది. వేలు పెట్టి ఒక రాయి చూపించింది, అన్నిటికన్నా చిన్నది.

"గిది నేను పెట్టిన రాయి. ఈని అక్క."

ఈదన్న అక్క. ఈదన్నకు అక్క ఉండేదని పదేళ్ళలో నాకు తెలియదు. దాని కింద నా అక్షరాల్లో ఉంది: ఫోటో నాలుగు, శిశువు సమాధి.

క్షమించమని అడిగాను. ఎన్నిసార్లు అడిగానో. వాగు ఇవతల ఉన్న స్థలానికి కూడా పట్టా తెప్పిస్తాను, కోర్టుకు వెళ్దాం, లాయరుతో మాట్లాడతాను, ఎక్కడివాళ్ళు అక్కడే ఉండండి అన్నాను.

"పట్టా ముచ్చట కాదు బిడ్డా. ఆళ్ళను ఈడికి తెచ్చినవు. ఆళ్ళొచ్చినంక మేం ఈడ ఉండరాదు."

ఆమె కాగితాలు కింద పెట్టింది. లేచి, చూరు కింద చెయ్యి పెట్టి బోద గడ్డి లాగడం మొదలుపెట్టింది. మిగతా ఆడవాళ్ళు కూడా లేచారు. నేను ఒక గుంజ పట్టుకోబోతే ఈదన్న అడ్డం వచ్చి "వద్దు సార్" అన్నాడు.

ఆరోజు వాగు దగ్గర అనాల్సిన మాట. లేదు, అప్పుడు కూడా అన్నాడు. వాగు దాటకుండా కూర్చోవడమే అనడం. కాశమ్మ చేతులు జోడించడమూ అనడమే. విననిది నేను.

ఏప్రిల్ 13

గ్రూపులోంచి బయటికి వచ్చేశాను. పటాలు చుట్టి అటక మీద పెట్టబోతే యమున అంది: "వాటినేమంటవు, అవి నోరు తెరిచి పొమ్మన్నయా?"

ఏప్రిల్ 27, ఆదివారం

కాలనీకి వెళ్ళాను. హైవే పక్కన వరసగా రేకుల గదులు. నీడకు ఒక్క చెట్టు లేదు. లారీ పోయినప్పుడల్లా రేకులు అదురుతున్నాయి. అడవిలో ఎక్కడికి జరిగినా మళ్ళీ కాగితం అడుగుతారని, ఇక తిరిగే ఓపిక ముసలివాళ్ళకు లేదని, ఇక్కడికి దిగారట. ఇది నాకు చెప్పింది పక్క గది ఆమె. ఈదన్న మేస్త్రీ పనికి నాగర్‌కర్నూలు పోయాడట. నిజంగా పోయాడో, నన్ను చూసి లోపల ఉండిపోయాడో తెలియదు. అడగలేదు.

ఇరవై ఏళ్ళు ఎంతమంది వచ్చారు వీళ్ళను దింపడానికి. బెదిరించారు, ఆశ పెట్టారు, మందలించారు. ఒక్క గుడిసె కదల్లేదు. నేను మూడు నెలల్లో దింపాను. అధికారి కాదు, సర్వేయరు కాదు, నేను. నా పటం పనికిరావాలని, నలుగురిలో నేను గెలవాలని. ఇప్పుడు నాకు కోపం ఎవరి మీదో స్పష్టంగా తెలుసు, రాయడానికి ఇంకో పేరు లేదు.

కాశమ్మ గది ముందు సిమెంటు గచ్చు మీద కూర్చుని ఉంది. చేతిలో ఏ పనీ లేదు. ఆమెను ఖాళీ చేతులతో చూడటం నాకు ఇదే మొదటిసారి. ఎండలోనే నిలబడ్డాను. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. ఒక లారీ పోయింది. అది పోయాక అడిగింది.

"గీ జాగ నీ పటంల ఉన్నదా?"

"లేదు కాశమ్మా."

"రాయకు" అంది.